నిధులు లేని విధులు: మేయో తీర్మానం నుంచి పోర్ట్ బ్లెయిర్ పురపాలక మండలి దాకా

1870 డిసెంబరులో వైస్రాయ్ లార్డ్ మేయో ఆర్థిక వికేంద్రీకరణ తీర్మానం తెచ్చాడు. విద్య, వైద్యం, రోడ్లు, జైళ్లు వంటి శాఖలను స్థిరమైన గ్రాంటుతో ప్రావిన్సులకు అప్పగించి, చాలని సొమ్మును స్థానిక పన్నులతో సమకూర్చుకోమన్నాడు. 1857 తిరుగుబాటు తర్వాత కేంద్ర ఖజానాను వెంటాడిన లోటే దీనికి ప్రధాన కారణం. 1872 ఫిబ్రవరి 8న అదే మేయో పోర్ట్ బ్లెయిర్ సమీపంలోని హోప్‌టౌన్ రేవులో షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ చేతిలో హతుడయ్యాడు. ప్రిలిమ్స్‌కు ఇవి రెండు వేర్వేరు బిట్లు. మెయిన్స్‌కు మాత్రం కలిపి చదవాల్సిన విషయాలు. ఎందుకంటే మేయో వదిలివెళ్లిన చిక్కు ఆ ఊరిని ఇప్పటికీ వీడలేదు.

1882లో రిప్పన్ తీర్మానం స్థానిక సంస్థల్లో ఎన్నికైన సభ్యులకు పెద్దపీట వేసింది. అండమాన్ అప్పుడు ఖైదీల వలస. చీఫ్ కమిషనర్ మాటే అక్కడ శాసనం. 1956లో కేంద్రపాలిత ప్రాంతమయ్యాక, 1957లో పోర్ట్ బ్లెయిర్‌కు పురపాలక బోర్డు వచ్చింది.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 12వ షెడ్యూలులో 18 అంశాలు చేరాయి. అయితే 243ఎక్స్ ప్రకారం పన్ను అధికారం ఇవ్వాల్సింది రాష్ట్ర శాసనసభ. అండమాన్‌కు శాసనసభే లేదు. 240వ అధికరణ కింద రాష్ట్రపతి చేసే రెగ్యులేషనే అక్కడ చట్టం. ఇక 280(3)(సి) కింద కేంద్ర ఆర్థిక సంఘం స్థానిక సంస్థల కోసం చేసే సిఫార్సులు రాష్ట్రాలకే పరిమితం. మన విజయవాడకో వరంగల్‌కో ఆ దారిలో గ్రాంట్లు వస్తాయి. పోర్ట్ బ్లెయిర్ మాత్రం కేంద్ర బడ్జెట్ నుంచి అండమాన్ పరిపాలన యంత్రాంగం ద్వారా వచ్చే సొమ్ము కోసం ఎదురుచూడాలి.

ఖర్చు చూస్తే బరువే. 2011 నాటికి జనాభా లక్ష పైచిలుకు. సిమెంటు, యంత్రాలు వంటివి ఓడల్లో రావాలి. తాగునీటికి ధనిఖారి జలాశయమే ప్రధాన ఆధారం. వానలు తగ్గిన వేసవిలో నీళ్లు రోజు విడిచి రోజు కూడా అందవు. 2016లో స్మార్ట్ సిటీగా ఎంపికయ్యాక పనులు ప్రత్యేక కంపెనీ చేతికి వెళ్లాయి. కట్టినవాటి నిర్వహణ భారం ఏటా ఎవరు మోయాలన్నది మిగిలిన ప్రశ్న.

2022 ఎన్నికల్లో 24 వార్డుల మండలిలో ఎవరికీ మెజారిటీ రాలేదు. బీజేపీ మద్దతుతో తెలుగుదేశం సభ్యురాలు ఎస్. సెల్వి అధ్యక్షురాలయ్యారు. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. పాలకులు మారినా, పేరు మారినా నిధులొచ్చే దారి మారలేదు.

స్థానికులు పన్ను సరిగా కడితే చాలదా అనే వాదన ఉంది. అందులో కొంత న్యాయం ఉంది. ఆస్తి పన్ను వసూలు పెరగాల్సిందే. కానీ చిన్న ఊరు, దూరపు దీవి, ఎటు చూసినా ప్రభుత్వ ఆస్తులు. పన్ను పునాదే ఇరుకు. కాబట్టి సమాధానంలో మూడు సూచనలు రాయండి: శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతాల పురపాలికలకు అయిదేళ్లకు ముందే ఖరారయ్యే గ్రాంటు, దీవుల ఖర్చును లెక్కలోకి తీసుకునే సూత్రం, కేంద్ర ఆస్తుల నుంచి సక్రమంగా సేవా రుసుం.

ఓటు ఇచ్చి ఖజానా ఇవ్వకపోతే అది స్వపరిపాలన కాదు, మేయో నాటి భారం బదిలీయే.

సాధన ప్రశ్న: "భారతదేశంలో స్థానిక స్వపరిపాలన ప్రజాస్వామ్య ఆకాంక్ష కంటే ఖజానా లోటు నుంచే పుట్టింది." చర్చించండి. (250 పదాలు)