ముదురు తీగ, లేత మధువు

ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే గోల్కొండ రాజ్యమును పలుమారులు చూచినవాడు. 1676లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున ఆయన భాగ్యనగరపు సాయంకాలమును వర్ణించినాడు. ఎండ చల్లారు వేళకు కల్లు దుకాణములు తెరువబడును. అయిదారు కోసుల దూరమునుండి తోలుతిత్తులలో కల్లు వచ్చును. గుర్రమునకు రెండు ప్రక్కల రెండు తిత్తులు. అట్టి గుర్రములు దినమునకు 500, 600 పరుగుపరుగున నగరము చొచ్చుచుండెడివట. కుతుబ్‌షాహీ ఖజానాకు ఈ కల్లుపై వచ్చెడి పన్ను స్వల్పము కాదు. ఇంత చెప్పి ఆయన మరియొక మాట చేర్చినాడు: ఆ కల్లు తమ దేశపు కొత్త మధువువలె తియ్యనిది.

ఈ ప్రసంగమునకు ఆ ఒక్క మాటయే మాకు ఆధారము. ఫ్రెంచివాడు కల్లును పోల్చవలసి వచ్చినపుడు, నేలమాళిగలో ఏండ్ల తరబడి దాచిన మధువును తలచుకొనలేదు. ఆ ఏటి పంటను పిండి, పొంగు పూర్తిగా అణగకమునుపే త్రాగెడి లేత మధువును తలచుకొన్నాడు. కల్లు సంగతి ఎరిగినవారికి ఈ పోలిక ఎంత సరియైనదో తెలియును. ఈత, తాటి రసము లొట్టిలో పడిన క్షణమునుండి పులియుట ఆరంభించును. ఉదయము తీపి, మధ్యాహ్నమునకు పొంగు, మరునాటికి పులుపు. ఆ గుర్రముల పరుగు వట్టి హడావుడి కాదు. రుచి ఆ పరుగుపై ఆధారపడియుండెను.

గోల్కొండ సీమలో ద్రాక్షయు కలదు. 1666–67 ప్రాంతమున ఇచ్చట సంచరించిన మరియొక ఫ్రెంచి యాత్రికుడు థెవెనో దానిని గమనించినాడు. పండ్లు జనవరిలో పక్వమగుననియు, తోటకు తగిలెడి ఎండనుబట్టి ఏప్రిలు వరకు కోతలు సాగుననియు, ఆ పండ్లతో తెల్లని మధువు చేయుదురనియు వ్రాసినాడు. కోత ముగియగానే తీగను కత్తిరింతురట. నడివేసవిలో మరల వచ్చెడి పచ్చికాయలనుండి పుల్లని రసము తీయుదురట.

ఈ కత్తిరింపు ముచ్చట చిన్నది కాదు. శీతలదేశములలో చలికాలము తీగను నిద్రపుచ్చును. దక్కనులో తీగకు నిద్ర లేదు. చలి చేయవలసిన పనిని ఇచ్చట కత్తి చేయవలెను. తరువాతి కాలమున మన రైతులు ఏప్రిలులో ఒకమారు, అక్టోబరులో ఒకమారు తీగను కత్తిరించి, ఒక్క పంట మాత్రమే తీసికొన్నారు. ఆ ఉపాయపు మొదటి అడుగు గోల్కొండ తోటమాలికి తెలిసియుండెనని థెవెనో మాటలవలన తేలుచున్నది.

మధువు తెల్లనిదే ఏల? దాదాపు అన్ని ద్రాక్షలలోను రసమునకు రంగు లేదు. ఎరుపు తొక్కలోనిది. నల్లద్రాక్ష తొక్కలతోపాటు రసమును పులియబెట్టినగాని ఎర్రమధువు రాదు. తొక్కతో రంగు మాత్రమే కాదు, వగరును దిగును. ఎక్కువ దినములు నానినచో ఆ వగరు మెత్తబడుటకు ఏండ్లు పట్టును. ఆ ఏండ్లు గడుపుటకు చల్లని మాళిగ కావలెను. వైశాఖమాసపు ఎండలో బండలు కాలెడి ఈ నగరమున అది సులభము కాదు. కనుక ఇక్కడి రసమును వచ్చిన ఏడే త్రాగియుందురని మేము తలచెదము. నిలువ మధువు కోరు ప్రభువులకు పారశీకమున షీరాజు కలదు. అచ్చటి మధువును ఐరోపా వర్తక సంఘములు ఓడలపై భారతదేశమునకు పంపుచుండెడివి.

పాతది మేలా, కొత్తది మేలా అను వాదము మనకు క్రొత్త కాదు. కౌటిల్యుడు ద్రాక్షరసమునకే మధువను పేరు నిలిపి, వాయవ్యదేశముల పేర దాని భేదములను చెప్పినాడు. వాగ్భటుడు అష్టాంగహృదయమున కొత్త మద్యము గురువనియు, దోషకరమనియు, పాతది దానికి భిన్నమనియు తీర్పిచ్చినాడు. వైద్యుని మాట అది. రసికుని మాట వేరు. ఓరుగల్లున కాకతీయ ప్రతాపరుద్రుని ఆశ్రయించిన విద్యానాథుడు కవితాపాకములను రెండుగా విభజించినాడు. లోపల, వెలుపల కూడ రసము స్ఫురించునది ద్రాక్షాపాకము. రసము లోపల దాగియుండునది నారికేళపాకము. పీచు తీసి, టెంక పగులగొట్టి, ఓపికతో అందుకొనవలసిన నిలువ మధువు నారికేళపాకము. నోట పెట్టగానే పలుకరించెడి లేత మధువు ద్రాక్షాపాకము.

అయితే లేతదనమంతయు ఒక్కటి కాదు. ఇందుకు స్లొవేనియా దేశపు మారిబోరు నగరమున ఒక సాక్షి కలదు. ద్రావా నది ఒడ్డున ఒక ఇంటి గోడను అల్లుకొనియున్న ద్రాక్షతీగ వయస్సు 400 ఏండ్లకు పైబడినది. మన చార్మినారు 1591 నాటిది. ఇంచుమించు సమవయస్కులు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికానుండి వచ్చిన వేరుపురుగు ఐరోపా తోటలను నాశనము చేసినపుడు సహితము ఈ తీగ బ్రతికినది. నేటికిని కాచుచున్నది. దాని పంట కొద్దిపాటిది. మధువు లేత ఎరుపు, పులుపుదేరినది. చిన్నసీసాలలో నింపి దానిని నగరపు అతిథులకు బహూకరింతురు.

ముదురు తీగకు గుత్తులు తక్కువ, వేళ్లు లోతు. పైనేల ఎండినను అడుగు తడి దానికి అందును. కొద్ది గుత్తులలోనే సారమంతయు చేరును. అట్టి పండును తొక్కతో కొలది దినములే నానబెట్టి, కొయ్య పీపాల వాసన సోకనీయక, త్వరగా సీసాలో పోసినచో వేరు ముదురు, రసము లేత అగును. 2024లో అంతర్జాతీయ ద్రాక్ష, మధు సంస్థ ముదురు తీగకు కనీసము 35 ఏండ్ల వయస్సు నిర్ణయించినది.

దీని రుచి చూచెడి పద్ధతి సులభము. ఎర్రమధువే యైనను కొంచెము చల్లగా నుండవలెను. గాజుపాత్రను తెల్లని గుడ్డపై వంచి అంచు చూడవలెను. లేతదైనచో ఊదావన్నె, పాతదైనచో ఇటుకవన్నె. పిదప వాసన: నేరేడు, దానిమ్మ వంటి పండ్లు తోచవలెను. నాలుకపై మొదట పులుపు నోరూరించును. వగరు చిగుళ్లను తాకి తొలగును. మ్రింగిన పిమ్మట లెక్కింపవలెను. రుచి వెంటనే మాయమైనచో తీగ బాల్యము. నోటిలో నిలిచి, మెల్లగా రూపు మార్చుకొనినచో తీగకు వయస్సున్నదని ఊహింపవచ్చును. ఇది నిశ్చయమైన పరీక్ష కాదు గాని అభ్యాసమునకు మంచి దారి.

ఇక మన తీగ మాట. 1890 ప్రాంతమున అబ్దుల్ బాఖర్ ఖాన్ అను ఉద్యానప్రియుడు హైదరాబాదున అనాబెషాహీ ద్రాక్షను ప్రవేశపెట్టినాడు. పేరునకు తగినట్లు అది రాజద్రాక్ష: పొడవైన లేతపసిమి పండ్లు, బరువైన గుత్తులు. ఇరువదవ శతాబ్దపు నడిభాగమున నగరము చుట్టును దాని పందిళ్లు వ్యాపించెను. తరువాత గింజలేని రకములు బజారును ఆక్రమించెను. నగరము పెరిగి పందిళ్లను మ్రింగెను. నేడు మీరాలం మండీలో ఫాల్గుణమాసమున బండ్లపై ద్రాక్ష కుప్పలుగా నుండును. వానిలో ఊరి పందిరి పండు అరుదు.

కల్లునకు పట్టిన గతియు అట్టిదే. 2004లో నగరపు కల్లు దుకాణములు మూతపడి, 2014లో మరల తెరువబడెను. కాని చెట్టులేని చోట పొడులు కలిపిన ద్రవము కల్లు పేరున చేరి ప్రాణములు తీసిన సందర్భములు కలవు. గుర్రముపై పరుగెత్తి వచ్చినదానికి చెట్టు ఎచ్చటిదో త్రాగువారికి తెలియుచుండెను. లేతదనమునకు ఆ ఎరుకయే పూచీ.

మేము ఎవరినీ పానమునకు పిలుచుట లేదు. చార్మినారు సున్నము రాలినచో మరమ్మతు చేయుదుము. అది రాయి కనుక కనబడును. దాని ఈడు తీగ ఒకటి పరదేశమున ఏటేట చిగుర్చుచున్నది. మన పెరళ్లలో ఎచ్చటనైన తాతలనాటి అనాబెషాహీ మ్రాను మిగిలియున్నచో, ఈ మారు ఇల్లు పెంచునపుడు గోడను కొంచెము ప్రక్కకు జరుపుడని శ్రోతలకు మా మనవి.