టైరు నలుపు వెనక కథ: కందెన నుంచి కాటుక దాకా

ఆయుధపూజ దగ్గర పడింది. మన ఆంధ్రా చుట్టాలు దసరా నాడు బండికి పూజ చేస్తారు, మద్రాసులో తరాలుగా ఉన్న మనం ఈ ఊరి వాడుక ప్రకారం నవమి నాడే కానిచ్చేస్తాం. ఏ నాడైతేనేం, ముందురోజు సాయంత్రం వీధి పొడుగునా బకెట్లు, పైపులు, పాత బనియను గుడ్డలు. బండి కడిగాక చివర్న టైరుకు ఏదో ఒకటి పూస్తారు. కొందరు కొబ్బరినూనె, కొందరు కిరోసిన్, కొందరు లారీ షెడ్డులో చూసి నేర్చుకున్న డీజిల్. పూయగానే నల్లగా నిగనిగలాడుతుంది. ఆ పూత గురించే ఈసారి రాస్తున్నాను. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది, మన తిరువొత్తియూరు కూడా అందులో వస్తుంది.

మొదట బండి చక్రం సంగతి. ఎద్దులబండికి కొయ్య చక్రం, దాని చుట్టూ ఇనప పట్టా. పట్టాకు ఎవరూ ఏమీ రాసేవారు కాదు. నూనె పడాల్సింది ఇరుసుకే. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి నల్లటి ముద్ద చేసి ఇరుసుకు పట్టించేవారు. అదే కందెన. కరణాలను మంచి చేసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి సుమతీ శతకకారుడు పోలిక తెచ్చింది ఈ కందెననే. అంటే అది లేకుండా బండి కదలదని ఊరందరికీ తెలిసిన విషయమన్నమాట. పూజ నాడు బండికి నూనె పెట్టాలన్న అలవాటు ఆ కందెన నుంచే వచ్చి, ఇరుసు కంటికి కనిపించని కార్ల కాలంలో చక్రం మీదికి జారిందని నా ఊహ. రుజువు అడగకండి, ఊహే.

ఇప్పుడు రబ్బరు కథ. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. దాన్ని గంధకంతో కలిపి కాచి స్థిరపరచడం 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్‌కు పట్టుబడింది. గాలి నింపిన చక్రానికి స్కాట్లండ్‌వాడు రాబర్ట్ థామ్సన్ 1845లోనే పేటెంటు తీసుకున్నా, కొనేవాడు లేక అది మూలపడింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్‌డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం మళ్ళీ గాలిటైరు చేశాడు. పేరు ఆయనకే దక్కింది.

ఆ మొదటి టైర్లు నల్లవి కావు. రబ్బరు పాల రంగుకు తోడు జింక్ ఆక్సైడ్ కలిపేవారు కాబట్టి తెల్లగా, లేత గోధుమరంగుగా ఉండేవి. మిషెలిన్ కంపెనీ బొమ్మ మనిషిని చూసే ఉంటారు, ఒళ్ళంతా టైర్లతో. 1898లో పుట్టిన ఆ బొమ్మ తెల్లగా ఉండటానికి కారణం అప్పటి టైర్ల రంగే.

నలుపు ఎలా వచ్చిందంటే, మసి వల్ల. నూనెనో గ్యాసునో గాలి చాలకుండా మండిస్తే వచ్చే సన్నటి మసిని రబ్బరులో కలిపితే అది బలంగా తయారవుతుందని 1904లో ఇంగ్లండులో కనిపెట్టారు. 1910 తర్వాత అమెరికా కంపెనీలు దాన్ని టైర్లలో వాడటం మొదలుపెట్టాయి. అరుగుదల ఎన్నో రెట్లు తగ్గింది, ఎండ దెబ్బకు తట్టుకునే శక్తీ పెరిగింది. మన అమ్మమ్మలు ఆముదపు దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి తీసిన కాటుక ఏమిటో, కార్బన్ బ్లాక్ అనే ఈ పదార్థం కూడా మూలంలో అదే. ఇరుసుకు కందెనలో మసి, కంటికి కాటుకలో మసి, కారు చక్రంలోనూ మసే.

మొదట్లో ఈ మసి ఖరీదు. అందుకని నేల తాకే పట్టీలో మాత్రమే కలిపి, పక్కగోడను తెల్లగా వదిలేసేవారు. ఆ రోజుల్లో పూర్తి నల్ల టైరు ఉన్నవాడు గొప్పవాడు, తెల్లగోడ టైరు ఉన్నవాడు సామాన్యుడు. 1930లు వచ్చేసరికి లెక్క తలకిందులైంది. తెల్లగోడే దర్జా అయింది. 1950, 60ల తెలుగు సినిమాల్లో నాయిక దిగే కారు చక్రాలు చూడండి, చుట్టూ తెల్ల వలయం కనిపిస్తుంది. ఆ తెలుపును నిలబెట్టడానికి డ్రైవరు రోజూ సబ్బు, బ్రష్షు పట్టుకుని కూర్చోవాలి. చాకిరీ ఒకరిది, దర్జా ఒకరిది. లారీల్లో డ్రైవరు పక్కన ఉండే కుర్రాణ్ణి ఇప్పటికీ ‘క్లీనర్’ అనే పిలుస్తాం. చక్రాలు కడగడం, కడ్డీతో కొట్టి గాలి చూడటం, టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి తీయడం అన్నీ ఆ కుర్రాడి పనే. పేరు మాత్రం శుభ్రం చేసేవాడని.

ఇక మన ఊరు. గుర్రపు బండ్లు కట్టే సింప్సన్ కంపెనీ 1840 నుంచి మద్రాసులో ఉంది, 1903లో ఆవిరి కారు కూడా చేసింది. టైర్లు మాత్రం చాలాకాలం బయటివే. 1936లో డన్‌లప్ వాళ్ళు బెంగాల్‌లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టారు, తర్వాత మన అంబత్తూరుకూ వచ్చారు. 1946లో కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్ళై తిరువొత్తియూరులో ఒక చిన్న షెడ్డులో పిల్లల బెలూన్లు చేయడం మొదలుపెట్టారు. పేరు మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ. 1952లో ట్రెడ్ రబ్బరు, అంటే అరిగిన టైరుకు కొత్త పట్టీ అతికించే రబ్బరు. ఆ తర్వాతే, 1960ల్లో, అమెరికాలోని మాన్స్‌ఫీల్డ్ కంపెనీ సాయంతో టైర్లు. బెలూన్ల షెడ్డు నుంచి పుట్టిందే ఇవాళ అందరికీ తెలిసిన ఎంఆర్ఎఫ్.

తిరువొత్తియూరు అంటే మనకు ముందు గుర్తొచ్చేది వీణ కుప్పయ్యర్ గారు. ఆయన పిలుపు మీద త్యాగయ్య గారు వచ్చి త్రిపురసుందరి అమ్మవారి మీద ఐదు కీర్తనలు చేసింది ఆ ఊళ్ళోనే, తెలుగులోనే. అదే ఊళ్ళో నూరేళ్ళ పైచిలుకు తర్వాత రబ్బరు వాసన. ఉత్తర మద్రాసు తెలుగు ఇళ్ళలో రెండూ తెలిసినవాళ్ళు ఉన్నారు.

ఇంతకీ టైరుకు నూనె ఎందుకు పనికిరాదు? నూనె, కిరోసిన్, డీజిల్ మూడూ రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తాయి, మెత్తబరుస్తాయి. రెండు రోజుల నిగనిగ, ఆ పైన దుమ్ము పట్టి బంక. టైరు తయారీలోనే గాలిలోని ఓజోన్ నుంచి కాపాడే మందు, మైనం కలుపుతారు. టైరు తిరిగేకొద్దీ అవి మెల్లగా పైకి వస్తుంటాయి. పక్కగోడ మీద కనిపించే గోధుమరంగు చాలావరకు అదే. మురికి అనుకుని పెట్రోలు గుడ్డతో తుడిచేస్తే కాపలావాణ్ణి మనమే పంపించేసినట్టు. నెలల తరబడి కదలకుండా నిలబెట్టిన కారు టైర్లు త్వరగా పగలడానికి ఒక కారణం కూడా ఇదే, లోపలి మైనం పైకి రాదు.

చేయదలిస్తే ఇలా చేయండి. నీడలో, టైరు చల్లబడ్డాక, కారు షాంపూ కొంచెం నీళ్ళలో కలిపి గట్టి బ్రష్షుతో రుద్దండి. నురుగు గోధుమరంగు పోయి తెల్లబడితే చాలు. కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. మెరుపు కావాలంటే నీటి ఆధారంగా చేసిన టైరు పాలిష్ స్పాంజితో పలచగా పక్కగోడకు మాత్రమే రాసి, పావుగంట ఆగి మిగిలింది తుడిచేయండి. తుడవకపోతే తొలి మలుపులోనే తలుపుల మీద చుక్కలు పడతాయి. నేల తాకే పట్టీకి, బ్రేకు డిస్కుకు తగలనివ్వొద్దు. మోటారు సైకిలుకైతే అసలు వద్దే వద్దు. మలుపులో బండి వాలినప్పుడు ఆనేది ఆ అంచే. ఇక నీళ్ళు: 2019లో జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తెప్పించుకున్న ఊరు మనది. నాలుగు చక్రాలకు రెండు బకెట్లు ధారాళం, పైపు అక్కర్లేదు.

అసలు ఈ కడుగుడు వల్ల లాభం మెరుపు కాదు. టైరు దగ్గర కూర్చుని చేత్తో తడిమితేనే పగుళ్ళు, ఉబ్బులు, దిగిన మేకులు తెలుస్తాయి. మా మేనల్లుడు పోయిన ఏడాది సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. టైర్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయని బేరం కుదిరిపోయింది. ఇంటికి తెచ్చాక సబ్బునీళ్ళతో పాలిష్ వదిలిస్తే పక్కగోడ నిండా సన్నటి పగుళ్ళు. డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. వాడి టైర్లకు 2314 అని ఉంది. అంటే 2014లో ఇరవై మూడో వారం. ఆ కారులో పిల్లల్ని ఎక్కించుకుని తిరుపతి ఘాట్ రోడ్డు ఎక్కే ఏర్పాట్లలో ఉన్నాడు. నాలుగూ మార్పించాకే కదిలారు. కాబట్టి రేపు మీ ఇంట్లో కుర్రాళ్ళు బండి కడిగేటప్పుడు, పాలిష్ పూయక ముందే ఆ నాలుగు అంకెలూ చదివి కాగితం మీద రాసిపెట్టమనండి. కొన్ని టైర్లకు ఆ అంకెలు లోపలి వైపు గోడ మీద ఉంటాయి, వంగి చూడాలి.

మీ ఇళ్ళలో తెల్లగోడ టైర్ల కార్ల పాత ఫోటోలు ఉంటే, ముఖ్యంగా పక్కన నిలబడ్డ డ్రైవరు కూడా కనిపించేవి, నాకు పంపండి. ఆయన పేరు ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుంటే దాన్నీ రాయండి.