అమెరికా చిన్న కళాశాలల్లో గణితవిద్య

అమెరికాలో లిబరల్ ఆర్ట్స్ కళాశాల అని పిలిచే సంస్థ పైకి తెలుగునాట డిగ్రీ కళాశాలను పోలి ఉన్నా స్వభావంలో వేరైనది. నాలుగేళ్ళ చదువు, సాధారణంగా రెండు మూడు వేలకు మించని విద్యార్థులు, ప్రాంగణంలోనే నివాసం, పరిశోధక విద్యార్థులు దాదాపు లేనందువల్ల మొదటి సంవత్సరం తరగతులకు సైతం ఆచార్యులే స్వయంగా పాఠం చెప్పడం దాని లక్షణాలు. ఆంధ్ర, తెలంగాణ కళాశాలల్లో చాలాకాలం బి.ఎస్సీ. విద్యార్థి చేరిననాడే గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల వంటి కూర్పును ఎంచుకొని చివరిదాకా దానికే కట్టుబడవలసి ఉండగా, అక్కడి విద్యార్థి తన ప్రధాన విషయాన్ని, అంటే 'మేజర్'ను, సాధారణంగా రెండో ఏడాది ముగిసేలోగా ప్రకటిస్తే సరిపోతుంది. గణితాన్ని ఎంచుకున్నవాడు దానితోపాటు సాహిత్యమో తత్త్వశాస్త్రమో కూడా చదువుతాడు. ఈ స్వేచ్ఛ మాత్రం మొదటినుంచీ ఉన్నది కాదు.

19వ శతాబ్దపు పూర్వార్ధంలో గ్రీకు, లాటిన్ భాషలతో పాటు గణితం ప్రతి విద్యార్థికీ తప్పనిసరి. నేడు మహావిశ్వవిద్యాలయమైన యేల్ అప్పటికి ఒక కళాశాలే. 1828లో దాని అధ్యాపకవర్గం వెలువరించిన నివేదిక, చదువు పరమార్థం వృత్తికి సిద్ధం చేయడం కాదనీ, మనోశక్తులకు క్రమశిక్షణ నేర్పడమనీ వాదించి ఈ పాఠ్యక్రమానికి సిద్ధాంతబలం చేకూర్చింది. ఆనాటి అధ్యక్షుడు జెరెమయా డే స్వయంగా బీజగణిత పాఠ్యగ్రంథకర్త కావడం గమనార్హం. గణితం బుద్ధికి సానరాయి అన్న ఆ భావనలో తప్పు లేదు గాని, అది అమలైన పద్ధతి మాత్రం పాఠం అప్పజెప్పించుకోవడమే: విద్యార్థి పుస్తకంలోని నిరూపణను, అంటే ఒక సిద్ధాంతం ఎందుకు నిజమో చూపే తర్కాన్ని, గురువు ఎదుట యథాతథంగా ఒప్పజెప్పాలి.

ఈ పద్ధతిమీద అసంతృప్తి 1830లో బద్దలైంది. శంకువును సమతలంతో ఖండించినప్పుడు ఏర్పడే వృత్తం, దీర్ఘవృత్తం, పరావలయం, అతిపరావలయం అనే వక్రాలను శాంకవాలంటారు. వాటి పాఠం అప్పజెప్పేటప్పుడు పుస్తకంలోని పటాలను చూసుకోవడం విద్యార్థులకు అలవాటుగా ఉండగా, ఇకపై ఆ పటాలను జ్ఞాపకం మీద నల్లబల్లపై గీయాలని యేల్ ఆచార్యులు పట్టుబట్టారు. రెండో సంవత్సరం విద్యార్థులు నిరాకరించగా 96 మంది ఉన్న ఆ తరగతిలో 40 మందికి పైగా బహిష్కృతులయ్యారు. వారిని చేర్చుకోవద్దని కోరుతూ వారి పేర్లు ఇతర కళాశాలలకు కూడా వెళ్ళాయి. 'శాంకవాల తిరుగుబాటు'గా చరిత్రకెక్కిన ఈ ఘట్టంలో విద్యార్థుల సోమరితనం కొంత ఉంటే ఉండవచ్చు. అయితే బహిష్కరణ భయంతో నేర్పే విద్య మీద ఎవరికైనా ప్రీతి కలుగుతుందని ఆశించడం గురువుల అమాయకత్వం.

1869లో హార్వర్డ్ అధ్యక్షపదవి చేపట్టిన చార్లెస్ ఎలియట్ విషయాలను విద్యార్థులే ఎంచుకునే పద్ధతిని విస్తరించడంతో నిర్బంధం క్రమంగా సడలింది. 1876లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ప్రారంభమై, ఇంగ్లండు నుండి వచ్చిన సిల్వెస్టర్ సారథ్యంలో గణిత పరిశోధన ఊపందుకున్నాక గణితకారుల దృష్టి అటు మళ్ళింది. చిన్న కళాశాలల గణితం వెనుకబడిపోవలసిన ఆ సమయంలో దానికి కొత్త ప్రతిష్ఠ తెచ్చినది పెన్సిల్వేనియాలోని ఒక మహిళా కళాశాల.

1885లో బ్రిన్ మార్ కళాశాల తెరిచినప్పుడు గణితశాఖ బాధ్యత షార్లెట్ ఆంగస్ స్కాట్‌కు దక్కింది. ఆమె 1880లో కేంబ్రిడ్జి గణిత ఆనర్స్ పరీక్షలో ఎనిమిదో స్థానానికి సమానమైన మార్కులు సాధించినా, స్త్రీలకు అక్కడ పట్టాలు ఇవ్వనందున ఆమె పేరు అధికారికంగా చదవలేదు. సభలోని విద్యార్థులే దాన్ని గట్టిగా అరిచి చాటారు. సుమారు 40 ఏళ్ళు బ్రిన్ మార్‌లో బోధించిన స్కాట్, ఆడపిల్లల కోసం ప్రమాణాలను సడలించడానికి ఒప్పుకోక కఠినమైన ప్రవేశపరీక్షల కోసం పాటుపడింది. చిన్న కళాశాలల్లో అరుదుగా కనిపించే డాక్టరేటు స్థాయి చదువు కూడా అక్కడ మొదటినుంచీ ఉండేది. ఆమె తర్వాత శాఖను నడిపిన ఆనా పెల్ వీలర్ హయాంలోనే, నాజీ ప్రభుత్వం గోటింగెన్ నుండి తొలగించిన ఎమీ నోయెథర్ 1933లో అక్కడికి చేరింది. ఆధునిక బీజగణితానికి రూపమిచ్చిన ఆమె 1935 ఏప్రిల్ 14న, శస్త్రచికిత్స జరిగిన కొద్ది రోజులకు, మరణించేవరకు ఆ కళాశాలలోనే బోధించింది.

బోధనకు ప్రత్యేక వేదిక మాత్రం 1915లో ఏర్పడింది. 'అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీ' అనే బోధనాపత్రికను చేపట్టడానికి పరిశోధకుల సంఘం ఇష్టపడకపోవడంతో, కళాశాల అధ్యాపకులు మ్యాథమెటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికాను స్థాపించుకున్నారు. 1965లో దాని పాఠ్యక్రమ సంఘం కళాశాలలకు ఒక సాధారణ ప్రణాళికను సూచించింది.

చివరి మార్పు డిగ్రీ విద్యార్థులు పరిశోధనలో దిగడం. జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానం 1987లో అందుకు నిధులివ్వడం మొదలుపెట్టగా, మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కళాశాల 'స్మాల్' అనే వేసవి కార్యక్రమాన్ని ఆరంభించింది. అక్కడ ఫ్రాంక్ మోర్గన్ విద్యార్థులకిచ్చిన సమస్య జంటబుడగలది: నిర్దిష్ట పరిమాణాలు గల రెండు ప్రదేశాలను అతి తక్కువ ఉపరితలంతో చుట్టివేసే ఆకృతి, సబ్బునురగలో అతుక్కున్న రెండు బుడగల రూపమేనా? సమతలంలో దీనిని 1990 నాటి విద్యార్థి బృందమే నిరూపించింది. మన త్రిమితీయ ప్రదేశంలో నిరూపణను మోర్గన్, మరి ముగ్గురు గణితకారులు 2000లో ప్రకటించారు. దానిని నాలుగు మితులకు విస్తరించిన వ్యాసం 2003లో అచ్చయింది. దాని రచయితలు నలుగురూ ఆ వేసవి కార్యక్రమంలో పనిచేసిన డిగ్రీ విద్యార్థులే.