జేగురు, తుప్పు, రంగు

పరవాడ ప్రాంతపు ఎర్రచేలలో పిడికెడు మన్ను తీసి నలిపితే వేళ్ళకు ఎరుపు అంటుతుంది. తూర్పు కనుమలలోని ఖోండలైటు శిల ఎండకూ వానకూ శిథిలమై మన్నుగా మారేటప్పుడు, దానిలోని ఇనుము గాలిలోని ఆమ్లజనితో కలియుటవలన ఏర్పడిన రంగు ఇది. భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు కూడా ఈ రంగే కారణం. అక్కడి ఇసుకరేణువులలో అధికభాగం లోపల తెల్లనివే. పైని హెమటైటు పొర మాత్రమే ఎర్రనిది. 2014లో ఆ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు.

ఈ ఎర్రమన్నును మనవారు జాజు, జేగురు అన్నారు. కడప సీమలోని చింతకుంట రాళ్ళమీది ఎర్రబొమ్మలు ఈ మన్నుతో వేసినవే. 16వ శతాబ్దంలో లేపాక్షి చిత్రకారులు సున్నపుపూతమీద ఎర్రమన్ను, పసుపుమన్ను వాడారు. ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికం ఉన్నది. పసుపుమన్నులోని ఇనుప ఆక్సైడులో నీటి అంశం కలిసి ఉంటుంది. సుమారు 300 డిగ్రీల వరకు కాల్చితే ఆ నీరు పోయి ఎర్రమన్ను మిగులుతుంది.

ఎండకూ సున్నపు క్షారానికీ ఇనుప ఆక్సైడు చలించదు. ఇనుముతోనే తయారయ్యే ప్రష్యన్ నీలం మాత్రం సున్నంలో నిలువలేక గోధుమరంగుకు తిరుగుతుంది. అయితే ఎంత గట్టి రంగైనా తనంత తాను గోడను పట్టుకోలేదు. నీటిలో కలిపి పూసిన జాజుగోడకు ఆనుకున్నవాని చొక్కాయే దీనికి సాక్షి! రేణువులను బంధించే పదార్థం ఒకటి కావాలి. అవిసెనూనె ఆ పని చేస్తుంది. అది గాలిలోని ఆమ్లజనిని పీల్చి గట్టిపొరగా మారుతుంది.

1925లో జర్మనీలో లౌక్స్ అనే రసాయనికుడు మరొక దారి కనుగొన్నాడు. నైట్రోబెంజీనునుంచి అనిలీను తీసేటప్పుడు ఇనుపరజను వాడతారు. చివరకు మిగిలే నల్లని మడ్డిని అంతవరకు వ్యర్థంగా ఎంచేవారు. కొన్ని లవణాలు చేర్చి ఆ చర్యను అదుపులో పెడితే, మడ్డియే మేలురకపు రంగు అవుతుందని ఆయన చూపించాడు. రేణువు పరిమాణం కూడా మనిషి చేతికి వచ్చింది. హెమటైటు రేణువు సన్ననిదైతే ఎరుపులో పసుపుచాయ, పెద్దదైతే ఊదాచాయ కనిపిస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధకాలపు కృత్రిమ రబ్బరు పరిశోధనల ఫలితంగా 1948లో అమెరికాలో లేటెక్సు గోడరంగు, 1953లో అక్రిలిక్ ఎమల్షను వెలువడినవి. పాలలో వెన్నబిందువులు తేలినట్లు దీనిలో ప్లాస్టిక్ గోళాలు నీటిలో తేలుతుంటాయి. నీరు ఆవిరికాగానే అవి దగ్గరకు చేరి, ఒత్తుకొని, రంగురేణువులను ఇముడ్చుకొని ఒకే పొర అవుతాయి. నీటితో కలిపిన రంగే అయినా, ఆరిన తరువాత నీటికి కరగదు.

కాని ఈ నీరే వట్టి ఇనుముకు పగ. 2002నుంచి విద్యుత్తునిస్తున్న పరవాడలోని సింహాద్రి కేంద్రం సముద్రపు నీటితో చల్లబరచుకుంటుంది. పైగా ఇది ఉప్పుగాలి వీచే తీరం. ఇక్కడి ఇనుముకు తుప్పు త్వరగా పడుతుంది. తుప్పూ ఇనుప ఆక్సైడే, దానిని ఆపడానికి పూసే రెడ్ ఆక్సైడూ ఇనుప ఆక్సైడే. భేదమల్లా పట్టులో ఉన్నది. తుప్పు బోలుగా ఉబ్బి నీటిని లోపలికి రానిస్తుంది. నూనెలోనో రెజిన్‌లోనో బిగిసిన రెడ్ ఆక్సైడు నీటికి అడ్డుగోడ అవుతుంది. అడుగున తుప్పు మిగిలితే మాత్రం అది పెరిగి పైపూతను పెచ్చులుగా లేపుతుంది. అందుచేత తెలిసిన పనివాడు రంగుడబ్బా మూత తీసేముందు, తీగబ్రష్షుతోనూ ఉప్పుకాగితంతోనూ ఇనుము తళుక్కుమనే దాకా గీకుతాడు.