గాదంకి రాడార్: అనుపలబ్ధి – ప్రామాణ్యం

చంద్రగిరి పేరు చరిత్రగ్రంథాలలో విజయనగర రాజుల కోటతో ముడిపడి ఉంది. ఆ కోట దాటి చిత్తూరు దారిలో మరికొంత దూరం సాగితే కొండల నడుమ గాదంకి గ్రామం వస్తుంది. అక్కడి ఎమ్.ఎస్.టి. రాడార్ స్థాపన భారతీయ వాతావరణ శాస్త్ర చరిత్రలో ముఖ్యఘట్టం. పరికరానికి అందనిదాని గురించి శాస్త్రం ఏమి చెప్పగలదు, ఏమి చెప్పరాదు అనే తాత్త్విక ప్రశ్నకు ఆ రాడార్ పనితీరు చక్కని దృష్టాంతం.

1980ల నాటి భారత మధ్య వాతావరణ కార్యక్రమ నేపథ్యంలో ఈ రాడార్ ఆలోచన రూపుదిద్దుకుంది. పలు కేంద్రప్రభుత్వ శాఖలు నిధులు సమకూర్చగా, నిర్మాణ బాధ్యతను ‘సమీర్’ సంస్థ వహించింది. 1992లో దిగువ ఆవరణాల పరిశీలన ప్రారంభమై, 1993 నాటికి మీసో ఆవరణం దాకా విస్తరించింది. ఈ కేంద్రమే 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా మారింది.

సుమారు 130 మీటర్ల భుజం గల చతురస్ర క్షేత్రంలో 1024 జతల యాగీ యాంటెన్నాలు 53 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంతో తరంగాలను పైకి పంపుతాయి. ఈ పరికరం గాలిని నేరుగా చూడదు. తరంగదైర్ఘ్యంలో సగం, అంటే సుమారు 2.8 మీటర్ల పరిమాణంలో వాయువు వక్రీభవన గుణకంలో కలిగే హెచ్చుతగ్గులు ప్రతిధ్వనిని తిరిగి పంపుతాయి. దాని డాప్లర్ విస్థాపనం నుంచి కిరణదిశలోని వేగం తెలుస్తుంది. కిరణాన్ని వేర్వేరు దిశలకు తిప్పి, ఆ దిశల నడుమ గాలి ఏకరీతిగా ఉందని భావించి, పవన వేగాన్ని గణిస్తారు. ప్రయోగఫలితం వెనుక సిద్ధాంతాల సముదాయమే ఉంటుందని పియర్ డ్యూయమ్ 1906లోనూ, పరిశీలన సిద్ధాంతగర్భితమని ఎన్.ఆర్. హాన్సన్ 1958లోనూ ప్రతిపాదించిన అంశాలకు ఈ గణనే ఉదాహరణ.

అసలు చిక్కు ప్రతిధ్వని రానిచోట ఎదురవుతుంది. సుమారు 25 నుంచి 60 కిలోమీటర్ల ఎత్తు వరకు ఈ రాడార్‌కు ప్రయోజనకరమైన ప్రతిధ్వని అందదు. అక్కడ తేమ లేదు, గాలి పలుచన, స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు అత్యల్పం. అంతకు పైన మీసో ఆవరణంలో పగలు వచ్చే ప్రతిధ్వనులు, సూర్యకాంతి వల్ల పుట్టే ఎలక్ట్రాన్లు క్షీణించడంతో రాత్రి కనుమరుగవుతాయి. ప్రతిధ్వని ఆగినంత మాత్రాన గాలి ఆగిందని ఏ శాస్త్రజ్ఞుడూ అనడు.

భారతీయ ప్రమాణచర్చ ఈ విచక్షణను ఎంతో ముందే గుర్తించింది. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు, నైయాయికులు అంగీకరించలేదు. అయినా ఉంటే తప్పక కనిపించదగినది కనిపించనప్పుడే దాని అభావం నిశ్చితమవుతుందన్న యోగ్యతా నియమం ఉభయులకూ సమ్మతమే. వెలుతురున్న గదిలో కుండ కనిపించకపోవడం అభావానికి సాక్ష్యం. చీకటిగదిలో కనిపించకపోవడం కాదు. 25–60 కిలోమీటర్ల ఆవరణం ఈ రాడార్‌కు చీకటిగది వంటిది.

ఈ నిర్ణయం ఊహ మీద ఆధారపడింది కాదు. కేరళలోని తుంబానుంచి ఎగిరిన వాతావరణ రాకెట్లు ఆ ఎత్తులలోని గాలులను అంతకుముందే కొలిచాయి. 1998లో భారత–జపాన్ సహకారంతో గాదంకిలోనే నెలకొన్న లైడార్, అణువులు వెదజల్లిన లేజర్ కాంతి ఆధారంగా సుమారు 30 కిలోమీటర్ల పైన ఉష్ణోగ్రతలను అందించింది. లైడార్ గణనకూ తనవైన పూర్వభావనలున్నాయి. మబ్బులేని రాత్రులలోనే అది పనిచేస్తుంది. అయితే రాడార్ పొరపడగల చోటు వేరు, లైడార్ పొరపడగల చోటు వేరు. వాటి పరస్పర పరీక్షలోనే శాస్త్ర ప్రామాణ్యం నిలుస్తుంది. ఒక్క విరుద్ధ ఫలితంతో సిద్ధాంతం పడిపోతుందనే సరళ వివరణకు ఈ ఆచరణ లొంగదు. ఫలితం రానప్పుడు పరీక్షకు మొదట నిలిచేది సిద్ధాంతం కాదు, పరికరపు యోగ్యత.

సాహిత్యచరిత్ర రచనకూ ఈ నియమం వర్తిస్తుంది. నన్నయకు పూర్వపు తెలుగు కావ్యం లభించలేదనడం వేరు, లేదనడం వేరు. తాటాకు శిలంత కాలం నిలవదు. క్రీ.శ. 848 నాటిదిగా భావించే పండరంగని అద్దంకి శాసనంలోని తరువోజ పద్యం అప్పటికే ఛందోబద్ధ రచన ఉందని నిరూపించింది. అయితే కావ్యం ఉండేదని ఆ శాసనం నిరూపించదు. లైడార్ కూడా ఉష్ణోగ్రతను చెప్పిందే గాని గాలి వేగాన్ని చెప్పలేదు. తాటాకు మౌనాన్ని అభావంగా గ్రహించడం ఎంత తొందరపాటో, శాసనసాక్ష్యాన్ని దాని హద్దు దాటించి కావ్యాన్ని ఊహించడమూ అంతే తొందరపాటు.