బర్మా వెళ్లొచ్చినవాళ్లు

1944లో బర్మా సరిహద్దున జరిగిన యుద్ధంలో హైదరాబాదీలు రెండు వైపులా ఉన్నారు. ఇంఫాల్ మీదికి నడిచిన ఆజాద్ హింద్ ఫౌజ్‌లో ఆబిద్ హసన్ ఉన్నాడు. ఆ ఫౌజునూ దానికి తోడొచ్చిన జపాను సేననూ ఎదిరించిన వైమానిక దళంలో హరికేన్ నడిపినవాడు ఇద్రీస్ హసన్ లతీఫ్. ఇద్దరికీ వయసులో 12 ఏళ్ల తేడా. ఆ యుద్ధం నుంచి ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాతి కాలంలో ఇద్దరూ స్వతంత్ర భారతానికి రాయబారులయ్యారు. ఉద్యోగాల బరువు దించుకుని హైదరాబాద్‌కే వచ్చి, ఇక్కడే కన్నుమూశారు.

వాళ్ల కథ అమీర్‌పేట నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మైత్రీవనం, మెట్రో జంక్షన్‌గానే ఈ పేటను ఎరిగినవాళ్లకు, పక్కనే ఉన్న బేగంపేట రన్‌వే ఒకప్పుడు యుద్ధానికి పైలట్లను తయారుచేసిందని తెలిసే అవకాశం తక్కువ. అమీర్‌పేటను ఆనుకున్న పంజాగుట్ట అప్పటికింకా ఊరి పొలిమేర. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బేగంపేటలో ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల నడిచింది. రెండు రెక్కల టైగర్ మాత్ విమానాల మీద కుర్రాళ్లు అక్కడ మొదటి పాఠాలు నేర్చారు. నిజాం డబ్బు అంతకుముందే బ్రిటిష్ వైమానిక దళానికి చేరింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ఖర్చుతో విమానాలు సమకూరిన 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే పెట్టారు. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకూ అదే పేరు. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. ఆ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు ముందు ఇంగ్లండ్ ఆకాశంలో, తర్వాత బర్మా మీద ఎగిరాయి.

ఆబిద్ హసన్ 1911లో హైదరాబాద్‌లోనే పుట్టాడు. అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. తల్లి ఫక్రుల్ హాజియా బేగం గాంధీజీ పిలుపును ఇంట్లోకి తెచ్చిన మనిషి. అన్న బద్రుల్ హసన్ గాంధీజీ దగ్గర పనిచేశాడు. ఆబిద్ కూడా సబర్మతి ఆశ్రమంలో ఉన్నాడు, జైలుకెళ్లాడు. ఆపైన ఇంజినీరింగ్ చదువుకని జర్మనీ చేరాడు. 1941లో సుభాష్ చంద్రబోస్ బెర్లిన్ వచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. చదువు పక్కనపెట్టి నేతాజీకి కార్యదర్శీ, దుబాసీ అయ్యాడు. ‘జై హింద్’ అనే పలకరింపు ఆయన కూర్చిందేనని చరిత్రకారులు నరేంద్ర లూథర్ వంటివారు రాశారు. కులం, మతం తేడా లేకుండా సిపాయిలంతా ఒకరినొకరు పలకరించుకోవడానికి ఒక మాట కావాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి ఆగస్టు 15న బడి పిల్లలు ఎలుగెత్తి అనే ఆ మాట ఒక హైదరాబాదీ నోట పుట్టిందని మన పాఠ్యపుస్తకాలు చెప్పకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

1943 ఫిబ్రవరిలో తూర్పు ఆసియా చేరడానికి నేతాజీ, ఆబిద్ జర్మనీలోని కీల్ రేవులో యూ-180 జలాంతర్గామి ఎక్కారు. మనిషి చేతులు చాపితే గోడలు తగిలే ఇరుకు, ఎక్కడ చూసినా డీజిల్ కంపు. పగలంతా నీటి అడుగునే ఉండి, చీకటి పడ్డాక పైకి తేలి బ్యాటరీలు నింపుకోవాలి. ఆ ఇరుకులోనే నేతాజీ తన పుస్తకం ‘ది ఇండియన్ స్ట్రగుల్’ కొత్త కూర్పు పని పెట్టుకున్నారు, ఆబిద్ రాసుకున్నాడు. దారిలో ఆ జలాంతర్గామి కార్బిస్ అనే బ్రిటిష్ ట్యాంకర్‌ను ముంచింది. సముద్రంలో మంటల మధ్య మనుషులు చావడం ఆ ఇద్దరు ప్రయాణికులకూ తెలియకుండా పోలేదు. ఏప్రిల్ 28న మడగాస్కర్‌కు దూరంగా, అలలు ఎగసిపడుతుండగా, రబ్బరు తెప్ప మీద జపాను జలాంతర్గామి ఐ-29లోకి మారారు. యుద్ధం నడుస్తుండగా ఇద్దరు పౌరులు నడిసముద్రంలో ఒక దేశపు జలాంతర్గామి నుంచి ఇంకో దేశపు జలాంతర్గామిలోకి మారడం అసాధారణమైన సంగతి. మే నెల మొదటి వారంలో సుమత్రా దగ్గరి సబాంగ్‌లో నేల మీద కాలుపెట్టారు.

ఏడాది తిరిగేసరికి ఆబిద్ ఇంఫాల్ రంగంలో ఉన్నాడు. 1944 మార్చిలో మొదలైన ఆ దాడి జూన్ చివరికి విఫలమైంది. వానలు ముంచుకొచ్చాయి. తిండి లేదు, మందులు లేవు. మలేరియా, విరేచనాలతో మనుషులు దారిపొడవునా రాలిపోయారు. ఆబిద్ తర్వాత రాసిన చిన్న పుస్తకం ‘ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్’ ఆ వెనకడుగు గురించే. 1971లో కలకత్తాలోని నేతాజీ రీసెర్చ్ బ్యూరో దాన్ని అచ్చువేసింది. నేతాజీ వెంట జలాంతర్గామిలో వెళ్లిన మనిషి తన సాహసం చెప్పుకోకుండా, ఓడి తిరిగొచ్చిన మామూలు సిపాయిల గురించి రాయడం ఆయన ఎలాంటివాడో చెబుతుంది.

1945 ఆగస్టులో సైగాన్ దాకా ఆయన నేతాజీ వెంటే ఉన్నాడు. అక్కడి నుంచి బయల్దేరే విమానంలో చోటు లేకపోయింది. ఫౌజు అధికారి హబీబుర్ రహమాన్ ఒక్కడే నేతాజీతో ఎక్కాడు. ఆ మర్నాడు, 18న, తైపేలో ఆ విమానానికి ప్రమాదం. ఆబిద్‌ను ఇంగ్లిషువాళ్లు పట్టుకుని నిర్బంధించారు. ఇంటికి రావడానికి 1946 దాకా పట్టింది.

అటువైపు లతీఫ్. 1923 జూన్ 9న పుట్టాడు, నిజాం కాలేజీలో చదివాడు. 1942 జనవరి 26న, 18 ఏళ్లకే వైమానిక దళంలో చేరాడు. ఇంగ్లండ్‌లో హరికేన్లు, స్పిట్‌ఫైర్లు నేర్చుకుని 1944లో తిరిగొచ్చి బర్మా యుద్ధంలో దిగాడు. అక్కడి సహచరులు అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ తర్వాత పాకిస్థాన్ వైమానిక దళాధిపతులయ్యారు. 1947లో వాళ్లు రమ్మని పిలిచారు. లతీఫ్ వెళ్లలేదు. 1978లో ఇక్కడి వైమానిక దళానికే అధిపతి అయ్యాడు. ఆ తర్వాత మహారాష్ట్ర గవర్నరు, ఫ్రాన్సులో రాయబారి. భార్య బిల్కీస్ లతీఫ్ ముంబయి ధారావిలో పనిచేసిన సంఘసేవకురాలు. ఆంధ్ర వంటల మీద ఇంగ్లిషులో పెద్ద పుస్తకం కూడా ఆమె రాశారు. ఆమె 2017లో పోయారు, ఆయన మరుసటి ఏడాది ఏప్రిల్ చివర్లో.

వీళ్లలో ఒకరిని పట్టుకుని శత్రువుతో చేతులు కలిపాడనీ, ఇంకొకరిని తెల్లవాడి కొలువు చేశాడనీ తీర్పు చెప్పేయడం సులువు. నేను ఆ పని చేయను. 1942లో 18 ఏళ్ల కుర్రాడి ముందున్న దారులు వేరు, బెర్లిన్‌లో 30 ఏళ్ల చదువరి ముందున్న దారులు వేరు. ఇద్దరూ కోరుకున్న దేశం మాత్రం ఒకటే అయింది. అయితే ఫౌజు సిపాయిలను స్వతంత్ర భారత సైన్యం తిరిగి చేర్చుకోలేదన్నది చేదు నిజం. ఆబిద్‌కు విదేశాంగ సర్వీసులో చోటు దొరికింది. డెన్మార్క్‌లో రాయబారిగా చేసి, 1969లో రిటైరై ఈ ఊరొచ్చాడు. మామూలు ఫౌజీలు 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ఆబిద్ 1984లో కన్నుమూశాక, బద్రుల్ హసన్ కూతురు సురయ్యా హసన్ బోస్ రాయదుర్గంలో తన చేనేత మగ్గాల పక్కనే పినతండ్రి పేరిట సఫ్రానీ మెమోరియల్ హైస్కూలు పెట్టారు. జెండా రంగుల గొడవలో కాషాయం కోరిన హిందూ సోదరులు తమ పట్టు విడిచినందుకు కదిలిపోయి ఆబిద్ తన పేరుకు చేర్చుకున్న మాటే సఫ్రానీ.

పేరున్నవాళ్ల సంగతి ఇది. పేరులేనివాళ్లే ఎక్కువమంది.

1941 డిసెంబరు 8న, అర్ధరాత్రి దాటాక, జపాను సేన మలయాలోని కోట భారు తీరంలో దిగింది. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడటానికి గంట ముందే ఇది జరిగింది. అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది నిజాం సైన్యంలోని ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. ఆ గందరగోళంలో దళాధిపతి కర్నల్ హెండ్రిక్స్ చనిపోయాడు, దళం చెదిరిపోయింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయాక మలయాలో మిగిలిన సిపాయిలకు రెండే దారులు: ఖైదీగా ఉండటం, ఫౌజులో చేరడం. బతికి ఇల్లు చేరినవాళ్లకు మూడేళ్లలో ఇంకో దెబ్బ. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా నిజాం రాజ్యం మీద భారత సైన్యం ‘పోలీసు చర్య’. మర్నాడు నిజాం సేనాధిపతి జనరల్ ఎద్రూస్ భారత సైన్యపు మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. నిజాం సైన్యం రద్దయింది. పంజాగుట్ట నుంచి మాసబ్ ట్యాంక్ దాటి వెళ్తే ఏసీ గార్డ్స్ వస్తుంది. ఆ పేటకు పేరిచ్చిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దళం కూడా అప్పుడే పోయింది. సిద్దీ సిపాయిల కుటుంబాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

నిజాం రాజ్యం బయట, మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగువాళ్ల కథ ఇంకో రకం. ‘యోధ జాతులు’ అనే పిచ్చి సిద్ధాంతంతో ఇంగ్లిషువాళ్లు 19వ శతాబ్దం చివరికే తెలుగువాళ్లను సైన్యంలో చేర్చుకోవడం మానేశారు. రెండో యుద్ధంలో మనుషులు చాలక తలుపులు మళ్లీ తెరిచారు. 1939లో సుమారు 2 లక్షలున్న భారత సైన్యం 1945కి 25 లక్షలైంది. యుద్ధం ముగియగానే అందులో ఎక్కువమందిని ఇంటికి పంపేశారు. సిపాయికి పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు కావాలి. బర్మా అడవుల్లో మూడేళ్లు నలిగినవాడికి డిశ్చార్జి బుక్కు, బర్మా స్టార్ పతకం మిగిలాయి. ఆరు కోణాల కంచు నక్షత్రం, ముదురు నీలం రిబ్బను, మధ్యలో ఎర్ర పట్టీ. డిశ్చార్జి బుక్కులో మనిషి ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చలు, పనితనం, నడవడి అన్నీ ఉంటాయి. నడవడి ఎదుట ‘ఎగ్జెంప్లరీ’ అని రాసి ఉంటే అంతకుమించిన మెప్పు లేదు. దాంతో బియ్యం రావు.

పింఛను లేని ఆ ముసలివాళ్లకూ వాళ్ల భార్యలకూ నెలనెలా కొంత సాయం ఇచ్చే ఏర్పాటును రాష్ట్ర ప్రభుత్వాలు చేశాయి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ 2003లో మొదలైతే, రెండో ప్రపంచ యుద్ధంలో చేసినవాళ్లకు దాన్ని వర్తింపజేసింది 2019 మార్చిలో. యుద్ధం ముగిసి అప్పటికి 73 ఏళ్లు దాటింది. అప్పుడు చేరినవాళ్లలో కుర్రాడనిపించుకున్నవాడికి కూడా 90 దాటి ఉంటాయి.

పంజాగుట్ట నుంచి రాజ్‌భవన్ రోడ్డులోకి వస్తే సోమాజిగూడలో సైనిక సంక్షేమ శాఖ కార్యాలయం ఉంది. 1965, 1971, కార్గిల్ యుద్ధాల్లో పనిచేసినవాళ్లకు, వాళ్ల భార్యలకు, పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) కాగితాల దగ్గర్నుంచి పిల్లల చదువు సాయం దాకా తిరగాల్సిన చోటు ఇలాంటిదే. మాజీ సైనికుల కుటుంబాల్లో తరచూ వినపడే ఇబ్బంది ఒకటుంది: భర్త రికార్డులో భార్య పేరు ఎక్కకపోవడం, ఎక్కినా ఆధార్‌లో ఉన్నట్టు లేకపోవడం. సెలవులో వచ్చి పెళ్లి చేసుకుని యూనిట్‌కు తిరిగెళ్లిన సిపాయి ఆ సంగతి అక్కడ రాయిస్తేనే, దాన్ని రికార్డుకెక్కించే ‘పార్ట్ టూ ఆర్డర్’ వెలువడుతుంది. యుద్ధ రోజుల్లో అంత తీరిక దొరకనివాళ్లు ఉన్నారు. అలాంటి ఇంట్లో భర్త పోయాక, ఆమె పెళ్లి శుభలేఖ, రేషన్ కార్డు, ఊరి పెద్దల సాక్ష్యం పట్టుకుని జిల్లా కార్యాలయానికి వెళ్తుంది. అక్కణ్నుంచి రికార్డు ఆఫీసుకు ఉత్తరం వెళ్తుంది, జవాబు వస్తుంది, ఇంకో కాగితం కావాలంటారు. ఈలోపు నెలలు గడుస్తాయి. ఆ నెలల పింఛను బకాయి కలిపి ఇస్తారు. అప్పటిదాకా ఇల్లు నడపడం ఆమె పనే.