డోర్నకల్ భక్తుణ్ణి ఎవరెరుగుదురు?



పునీతుల మాట ఎత్తితే, అది క్యాథలిక్కుల సంగతి కదా అయ్యగారూ అంటారు మనవాళ్లు. పౌలయితే ఫిలిప్పీ సంఘంలోని విశ్వాసులందరినీ పరిశుద్ధులనే పిలిచాడు. మేము ఆ అర్థంలోనే రాస్తున్నాము.

ఏ భక్తుని పేరు ఏ దేశంలో నిలుస్తుందో చూస్తే వింతగా ఉంటుంది. నికొలాసు మూర పట్టణపు బిషప్పు. అపొస్తలుల కార్యములు 27లో పౌలు ఓడ మారిన రేవు అదే, నేటి టర్కీలో ఉంది. ఆయన ఎముకలను 1087లో ఇటలీలోని బారికి తీసుకుపోయారు. పేరు ఇంకా దూరం పోయి, డిసెంబరు వస్తే నిర్మల్ బజారులో ఎర్ర టోపీగా అమ్ముడుపోతున్నది. తోమా అనగానే మనకు అనుమానం గుర్తొస్తుంది, కేరళవారికి తమ సంఘానికి తండ్రి గుర్తొస్తాడు. ఆ కేరళలోనే 1871లో కన్నుమూసిన కురియాకోస్ చావరాను 2014లో పునీతుడిగా ప్రకటించారు. ఆయన సభ గురువులు మన పాత ఆదిలాబాదు జిల్లాకు సేవకు వచ్చారు, ఆయన పేరూ వారితోనే వచ్చింది. మోసుకొచ్చేవాళ్లుంటేనే పేరు వస్తుంది.

ఇక మన తెలంగాణ మట్టిలో సేవ చేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య సంగతి. విజయవాడ రైలెక్కినవాళ్లు డోర్నకల్ జంక్షన్ దాటే ఉంటారు. ఎంతమందికి ఆయన గుర్తొచ్చాడు?

1874లో తిరునెల్వేలి ప్రాంతంలో ఒక పల్లె పాస్టరు ఇంట పుట్టాడు. తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని, మాల మాదిగ పల్లెల్లో తిరిగాడు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లవారి ముఖం మీదే చెప్పాడు: మీరు త్యాగాలు చేశారు, మంచిదే, కానీ మాతో స్నేహం కూడా చేయండి అని. కొందరికి అది నచ్చలేదు. రెండేళ్లకే, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందాడు. బాప్తిస్మం పొందినవారిచేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే పౌలు మాటను పలికించేవాడని చెప్తారు. డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. దానిలో గుడి పోలికా ఉంది, మసీదు పోలికా ఉంది. మాకు మాత్రం ఆ కట్టడం కంటే ఆ తమిళ నోట తెలుగు ప్రసంగమే గొప్పగా తోస్తుంది.

1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించాడు. అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘపు క్యాలెండరులో జనవరి 2 ఆయన జ్ఞాపకార్థ దినం. మన దగ్గర ఆ రెండు రోజులూ కొత్త సంవత్సరపు ఆరాధన, వాగ్దాన కార్డులు, కేకులు. తీరిక లేకపోవడం ఒక్కటే కారణం కాదు. భక్తులను పూజించవద్దని మన పెద్దలు సరిగానే నేర్పారు. మనం పూజతోపాటు జ్ఞాపకాన్ని కూడా అవతల పారేశాం. వాక్యం బోధించిన నాయకులను తలచుకొమ్మని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయంలో ఉన్నదే!

అజరయ్య పేరైనా పుస్తకాల్లో ఉంది. పల్లె పల్లెకూ నడిచి మన తాతలకు అక్షరాలు, వాక్యం చెప్పిన సువార్తికుల పేర్లు చాలావరకు ఏ పుస్తకంలోనూ లేవు. ఇంకా కొందరు ముసలమ్మల నోట మాత్రం ఉన్నాయి.

వచ్చే జనవరి 2న సాయంత్రం కుటుంబ ప్రార్థనకు వచ్చేటప్పుడు, మీ ఊరికి మొదట సువార్త తెచ్చిన మనిషి పేరు ఇంటి పెద్దలను అడిగి కాగితం మీద రాసి తీసుకురండి. పూర్తి పేరు తెలియకపోతే, పిలిచిన పేరే రాయండి.